మూడేళ్లు చదివినా వార్డులో ఏమీ తోచడం లేదు, లోపం నాదా, మా నర్సింగ్ కాలేజీదా?

అడిగిన ప్రశ్న ఇది: "బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పరీక్షల్లో మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ వార్డులో పేషెంటు పక్కన నిలబడితే ఏం చూడాలో, డాక్టరును ఎప్పుడు పిలవాలో తోచదు. లోపం నాదా, మా కాలేజీదా?"

చాలావరకు కాలేజీదే. కానీ ఆ మాట పేషెంటుకు చెప్పి తప్పించుకోలేం కదా, సరిచేసుకోవాల్సింది మాత్రం మీరే. నేను జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, ఉద్యోగం చేస్తూ తర్వాత డిప్లొమా చేసినవాళ్ల కోసం ఉండే పోస్ట్ బేసిక్ బీఎస్సీ డిగ్రీ పూర్తి చేశాను. పదహారేళ్లుగా వార్డుల్లోనే ఉన్నాను, అందులో ఎక్కువ కాలం పిల్లల వార్డు. నాకు జరిగింది ఒకటి చెబుతాను.

ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వానాకాలం. డెంగ్యూ కేసులతో వార్డు నిండిపోయి వరండాలో కూడా మంచాలు వేశారు. నైట్ డ్యూటీలో ముప్ఫై మందికి పైగా పిల్లలు, మేము ఇద్దరు సిస్టర్లం. పన్నెండో బెడ్డులో పదకొండేళ్ల బాబు. నాలుగు రోజులు 103 జ్వరంతో కాగిపోయి, ఐదో రోజు సాయంత్రం చల్లబడ్డాడు. వాళ్లమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "జ్వరం వదిలేసింది సిస్టర్, రేపు ఇంటికి పంపిస్తారా?" అని అడిగింది. థర్మామీటరు పెడితే 98.6. బీపీ 100/84. రెండూ చార్టులో రాసి, బాగానే ఉన్నాడనుకుని పక్క మంచానికి వెళ్లిపోయాను.

నా వెనకే సీనియర్ సిస్టర్ వచ్చారు. ఆవిడ చార్టు ముట్టుకోలేదు. ముందు దుప్పటి తీసి బాబు పాదం పట్టుకున్నారు. తర్వాత వేలిగోరు కాసేపు నొక్కి వదిలారు. రెండు సెకన్లలో తిరిగి ఎర్రబడాల్సిన గోరు నాలుగు సెకన్లు దాటినా తెల్లగానే ఉంది. "మూత్రం ఎప్పుడు పోశాడమ్మా?" అని తల్లిని అడిగారు. ఆమె గుర్తు చేసుకుని మధ్యాహ్నం అంది. అప్పటి నుంచి కడుపు నొప్పి అంటున్నాడని, రెండు మూడు వాంతులయ్యాయని కూడా చెప్పింది. నేను అడగలేదు కాబట్టి నాకు చెప్పలేదు. అప్పుడు సిస్టర్ చార్టు చూసి నావైపు తిరిగారు. "నూరులోంచి ఎనభై నాలుగు తీసేస్తే ఎంత?"

పదహారు. డెంగ్యూలో పై బీపీకి, కింది బీపీకి తేడా 20కి పడిపోతే పిల్లాడు షాక్‌లోకి జారుతున్నట్టు, అంటే ఒంట్లో అవయవాలకు రక్తం చాలకుండా పోతున్నట్టు లెక్క. ఆ సంగతి నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. డెంగ్యూలో అసలు ప్రమాదం జ్వరం కాగుతున్నప్పటి కంటే అది తగ్గే సమయంలోనే, సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య వస్తుందని, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుందని, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుందని అన్నీ చదివినవే. శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గించి, గుండె వేగం పెంచి పై బీపీని కొంతసేపు నిలబెడుతుంది. అందుకే పై అంకె చూసి ధైర్యపడకూడదు. ఇంటివాళ్లంతా ప్లేట్‌లెట్ల లెక్క అడుగుతూ, బొప్పాయి ఆకు రసం పట్టిస్తూ ఉంటారు. బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరవుతున్నాయా అని చూడాల్సింది మనం.

సిస్టర్ ఫోన్ నా చేతికే ఇచ్చారు. నేను, "సార్, పన్నెండో బెడ్డు బాబు బాగోలేడు సార్" అన్నాను. "ఏం బాగోలేదు?" అని అటునుంచి విసుగ్గా అడిగితే నోట మాట రాలేదు. సిస్టర్ ఫోన్ తీసుకుని చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "సార్, డెంగ్యూ ఐదో రోజు బాబు. సాయంత్రం జ్వరం తగ్గింది. ఇప్పుడు కాళ్లు చేతులు చల్లగా ఉన్నాయి, పల్స్ 136, బీపీ 100/84, మధ్యాహ్నం నుంచి మూత్రం లేదు, కడుపు నొప్పి ఉంది. షాక్‌లోకి వెళ్తున్నాడనిపిస్తోంది. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్. పీసీవీకి రక్తం పంపమంటారా?" ఐదు నిమిషాల్లో డాక్టరు గారు వచ్చారు. ఫ్లూయిడ్స్ మొదలుపెట్టారు, బాబును ఐసీయూకి మార్చారు. వారం తిరగకముందే ఇంటికి నడిచి వెళ్లాడు.

ఆ రాత్రంతా నాకు కుదురు లేదు. నాకు తెలియని విషయం ఒక్కటీ లేదు, అయినా నా కళ్లెదుట ఉన్నది నాకు కనిపించలేదు. చదివిన దాన్ని చూస్తున్న దానితో కలపడం నాతో ఎవరూ, ఏ రోజూ చేయించలేదు. మీరు పడుతున్న ఇబ్బంది కూడా అదేనని నా నమ్మకం.

నేను చదివిన స్కూల్ ఎలా ఉండేదో చెబుతాను, మీ కాలేజీతో పోల్చి చూసుకోండి. క్లినికల్ పోస్టింగులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. మేము పద్దెనిమిది మందిమి ఒకే మంచం చుట్టూ నిలబడేవాళ్లం, వెనక వరుసకు పేషెంటు కాళ్లు కూడా కనిపించేవి కావు. చేసిన పనులు రాసే ప్రొసీజర్ బుక్కులో కాథెటర్ (మూత్రం గొట్టం) ఐదుసార్లు వేసినట్టు ఉండాలి. ఒకసారి చూస్తే ఐదు సంతకాలు పడేవి. కేర్ ప్లాన్‌లు సీనియర్ల రికార్డుల్లోంచి పేరు, వయసు మార్చి ఎక్కించేవాళ్లం. ల్యాబులో ప్రాక్టీసు చేయడానికి మనిషి బొమ్మ ఉండేది, ప్లాస్టిక్ కవరుతో సహా బీరువాలోనే. ఇన్‌స్పెక్షన్ రోజు తాళం తీసేవాళ్లు, సాయంత్రానికి మళ్లీ వేసేసేవాళ్లు. మాతో వార్డుకు వచ్చే ట్యూటర్ మా కంటే రెండేళ్లు పెద్ద. ఆవిడా పాపం ఎక్కడా వార్డులో పనిచేయకుండానే పాఠం చెప్పడానికి వచ్చారు. ఆవిడ తప్పేముంది?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది జ్వరం, పల్స్, శ్వాస రాసే టీపీఆర్ చార్టు. ఏ వార్డుకైనా వెళ్లి శ్వాస గడి చూడండి. వరుసగా 20, 20, 20. ఆయాసపడుతున్నవాళ్లకూ 20, నిద్రపోతున్నవాళ్లకూ 20. మాకు అలాగే అలవాటు చేశారు, "ఇరవై వేసెయ్యి" అని. పేషెంటు పరిస్థితి దిగజారుతోందని చాలాసార్లు అన్నిటికంటే ముందు చెప్పేది ఆ శ్వాసే. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో పెద్దల కోసం తెచ్చిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, ప్రమాదాన్ని ముందే పసిగట్టే లెక్క) స్కోరులో, శ్వాస నిమిషానికి 25 లేదా అంతకు మించితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు వేస్తారు. ఒక్క అంశంలో 3 వచ్చినా వెంటనే చూడాల్సిందే. అక్కడికి వెళ్లిన మన తెలుగు నర్సులకు రోజూ దానితోనే పని. ఇక్కడ అందుకు కావలసినవి ఒక గడియారం, ఒక నిమిషం. ఆ నిమిషాన్ని నేర్పించలేకపోతున్నాం.

"అనుభవం మీద అదే వస్తుందిలే" అని మీకు చాలామంది చెప్పే ఉంటారు. సగమే నమ్మండి. ఇరవై ఏళ్ల సర్వీసు ఉండి ఇంకా 20 వేసేవాళ్లను నేను చూశాను. మరోవైపు, 2020లో కాలేజీలు మూతపడి ఆన్‌లైన్ క్లాసులతో, సగం సగం పోస్టింగులతో బయటికొచ్చిన బ్యాచ్ పిల్లలు మా వార్డులో చేరారు. మొదట్లో సెలైన్ మార్చడానికే టెన్షన్ పడేవాళ్లు. పక్కన ఉండి "ఇప్పుడు నీకేం కనిపిస్తోంది? ఎందుకలా అనుకుంటున్నావు?" అని రోజూ అడిగితే ఆరు నెలల్లో ఒంటరిగా నైట్ డ్యూటీ నడిపే స్థాయికి వచ్చారు. అడిగేవాళ్లు ఉంటే వస్తుంది.

చదువు నాణ్యత పేషెంటు ప్రాణం దాకా వెళ్తుంది. తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. నర్సుకు ఒక్క పేషెంటు అదనంగా పెరిగినా మరణించే అవకాశం 7 శాతం పెరిగిందని, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట అది 7 శాతం తగ్గిందని తేలింది. ముప్ఫై మందికి ఇద్దరం ఉన్న ఆ రాత్రిని తలుచుకుంటే ఈ అంకెలు నాకు కాగితం మీద అంకెల్లా అనిపించవు. మన దగ్గర 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. ఇకనైనా తనిఖీకి వచ్చేవాళ్లు బీరువాలు తెరిపించడం మాని, విద్యార్థులను వార్డులో మంచం దగ్గర నిలబెట్టి ఒక్క ప్రశ్న అడగాలని నా కోరిక.

ఇక మీరు చేయగలిగింది. పోస్టింగులో మొదటి రోజే ఒక్క పేషెంటును మీ పేషెంటుగా పెట్టుకోండి. కేస్ షీటు తెరవకముందు మనిషిని చూడండి. ముఖం, పెదాల రంగు, మాట్లాడుతూ మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారా, పాదాలు వెచ్చగా ఉన్నాయా, నిన్న కూర్చుని తిన్న మనిషి ఇవాళ పడుకునే ఉన్నారా. శ్వాస నిండు నిమిషం లెక్కపెట్టండి. పక్కనున్న అటెండెంటును తప్పకుండా అడగండి, "నిన్నటికీ ఇవాళ్టికీ మీకేమైనా తేడా కనిపించిందా?" అని. తర్వాత కేస్ షీటు చదివి, సాయంత్రానికి ఈ పేషెంటుకు ఏం జరగొచ్చో చిన్న నోట్‌బుక్కులో రెండు లైన్లు రాయండి. మర్నాడు వెళ్లి సరిచూసుకోండి. తప్పయిన చోట ఎందుకు తప్పిందో ఆ వార్డు సిస్టర్‌ను అడగండి. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్ సమయంలో అక్కడే నిలబడి వినండి, డ్యూటీ అయిపోయినా సరే. ఎవరైనా సీనియర్ ఒక పేషెంటు గురించి డాక్టరును పిలిస్తే, పని సద్దుమణిగాక, "మేడమ్, మీకు మొదట ఎక్కడ అనుమానం వచ్చింది?" అని అడగండి. ఇంతవరకు ఈ ప్రశ్నకు విసుక్కున్న సిస్టర్‌ను నేను చూడలేదు.

అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే ఇదే మీకు పరీక్ష కూడా. 2023 ఏప్రిల్ నుంచి అక్కడ నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్‌ పరీక్షలో కేసు ఇచ్చి, ఏ గుర్తులు ముఖ్యమైనవి, వాటి అర్థమేమిటి, ముందు దేన్ని పట్టించుకోవాలి, ఏం చేయాలి, చేశాక ఫలితం ఎలా ఉందో అంచెలంచెలుగా అడుగుతున్నారు. వెళ్లే ఆలోచన లేకపోయినా అలాంటి కేసులు రోజుకొకటి చేయండి.

ఒక్కోసారి "నువ్వేమన్నా డాక్టరువా?" అనే మాట పడాల్సి వస్తుంది. నేనూ పడ్డాను. రోగం పేరు తేల్చి మందు రాయడం డాక్టరు పనే, అందులో మనం వేలు పెట్టం. రాత్రంతా మంచం దగ్గర ఉండేది మాత్రం మనమే. ఫోన్ చేసే ముందు అంకెలు కాగితం మీద రాసుకోండి, మీకేం అనుమానమో చెప్పండి, ఏం కావాలో అడగండి. వాళ్లు రాకపోతే మళ్లీ చేయండి, మీ ఇంచార్జ్‌కు చెప్పండి, చేసిన టైముతో సహా కేస్ షీటులో రాయండి.

పోయిన నెల మా వార్డుకు పోస్టింగుకు వచ్చిన రెండో సంవత్సరం అమ్మాయి నాలుగేళ్ల పాప చార్టులో శ్వాస 48 అని రాసింది. పైనున్న గడులన్నీ మామూలుగా ఉన్నాయి. "సరిగ్గా చూశావా?" అంటే, "రెండుసార్లు లెక్కపెట్టాను మేడమ్, రెండుసార్లూ అంతే వచ్చింది" అంది, గొంతు వణుకుతూ. నేనూ వెళ్లి నిమిషం నిలబడి లెక్కపెట్టాను. 48. పాపకు న్యుమోనియా అని ఆ సాయంత్రమే తేలింది.

మీకు ఇప్పుడు ఏ వార్డులో పోస్టింగ్ నడుస్తోందో కింద రాయండి. ఆ వార్డులో మొదట ఏం చూడాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.