స్కూలుకి వెళ్లని పిల్లకు లోకల్ కోటా వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయిని అయిదో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. పిల్ల బతుకు పాడుచేశానని అత్తగారింటివాళ్లు నన్నే ఆడిపోసుకుంటున్నారు. విద్యాహక్కు చట్టం కింద కేసు పెడతానని మా బావగారు బెదిరిస్తున్నారు. ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఓపెన్ స్కూల్) టెన్త్ 2025లో పాసయింది. మధ్యలో కొన్నాళ్లు, 2022 జూన్ నుంచి 2023 ఆగస్టు దాకా, బెంగళూరులో మా అమ్మ దగ్గర ఉంది. ఇప్పుడు పదిహేడేళ్లు. 2027 ఏప్రిల్‌లో పన్నెండో తరగతి పరీక్ష, ఆ పైన ఈఏపీసెట్. స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే లోకల్ కాదంటున్నారు. తెలిసిన స్కూలువాళ్లు ఆరు నుంచి పది దాకా సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అదే ఏడాది ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్ రాసిన పిల్ల మీ ఊరి స్కూల్లోనూ పదో తరగతి చదివిందంటే వెరిఫికేషన్‌లో ఎవరు నమ్ముతారు? స్కూళ్లలో చేరిన ప్రతి విద్యార్థి వివరాలూ ఆన్‌లైన్‌లో నమోదవుతాయి, అందులో మీ అమ్మాయి పేరు ఉండదు. తప్పుడు పత్రమని తెలిసీ వాడటం భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం. కౌన్సెలింగ్ నాటికి ఆమెకు పద్దెనిమిది నిండుతాయి కాబట్టి సంతకం పెట్టేది మీరు కాదు, ఆమే. నిందితురాలూ ఆమే అవుతుంది.

మీ బావగారి మాట పట్టించుకోకండి. 2009 చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది. బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులదని 10వ సెక్షన్ చెబుతుంది గానీ, చేర్చనివారికి శిక్ష అందులో లేదు.

మీ అమ్మాయి లోకల్ అవునా కాదా అన్నది తేలేది ‘మధ్యలో కొన్నాళ్లు’ అన్న మాట దగ్గర. కాలేజీ సీట్లలో లోకల్ ఎవరో చెప్పే 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 4వ పేరా స్కూలుకి వెళ్లనివాళ్లను వదిలేయలేదు. అర్హత పరీక్ష (మీ అమ్మాయికి పన్నెండో తరగతి పరీక్ష) మొదటిసారి రాసినప్పుడు, అది మొదలయ్యే తేదీకి ముందు వరుసగా నాలుగేళ్లు ఆ లోకల్ ఏరియాలో నివసించి ఉంటే చాలు. గుంటూరు ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియా కిందికి వస్తుంది. 2027 ఏప్రిల్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి: 2023 ఏప్రిల్. అమ్మాయి తిరిగొచ్చింది ఆగస్టులో. నాలుగు నెలలు తక్కువ! పరీక్షకు ముందు ఏడేళ్లూ రాష్ట్రంలోనే ఉంటే ఇంకో వెసులుబాటు ఉంది, బెంగళూరు మకాంతో అదీ పోయింది. పైగా బడికి వెళ్లనివారి నుంచి కౌన్సెలింగ్‌లో అడిగేది ఏడేళ్ల నివాస ధ్రువపత్రమే. బడి మాన్పించిన రోజే ఈ లెక్క చూసుకోవాల్సింది.

ఇక మిగిలిన దారులు. అమ్మాయి అసలు నివాసం గుంటూరే, అమ్మమ్మ దగ్గరికి తాత్కాలికంగానే వెళ్లిందని వాదించవచ్చు. కానీ అప్పట్లో ఆధార్‌లో బెంగళూరు అడ్రస్ పెట్టించి ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. ముందు ఆధార్ అప్‌డేట్ హిస్టరీ తీసి చూడండి. అడ్రస్ మారలేదంటే రేషన్ కార్డు, ఆ పద్నాలుగు నెలల కరెంటు బిల్లులు, ఇక్కడి ఆసుపత్రి చీటీలు, అద్దె ఒప్పందాలు పోగుచేసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడుందో స్పష్టంగా రాసి తహసీల్దారుకు అర్జీ పెట్టండి. బెంగళూరు సంగతి దాచి ఏడేళ్ల పత్రం రాయించుకోవద్దు, అదీ తప్పుడు పత్రమే.

అది కుదరకపోతే లోకల్ కోటా బయట అన్‌రిజర్వుడ్ 15 శాతం సీట్లున్నాయి. మీ దంపతుల్లో ఒకరు మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే వాటికి పోటీపడవచ్చు, ఆ పత్రమూ తహసీల్దారే ఇస్తారు. ర్యాంకు మాత్రం గట్టిగా ఉండాలి.

మూడోది, ఏప్రిల్ వదిలేసి ఎన్‌ఐఓఎస్ అక్టోబర్-నవంబర్ పరీక్షలకు కూర్చోవడం. అప్పటికి నాలుగేళ్లు నిండుతాయి, బదులుగా ఒక ఏడాది పోతుంది. ఏప్రిల్‌లో ఒక్క సబ్జెక్టు రాసినా ‘మొదటిసారి రాసింది’ అదే అంటారు, తర్వాత మార్చలేరు. అందుకే పరీక్ష ఫీజు కట్టేలోపే తేల్చుకోండి.

కౌన్సెలింగ్‌లో లోకల్ కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకుని, ఆ వారంలోనే హైకోర్టులో రిట్ వేయించండి. సీట్లు నిండిపోయాక వెళితే కోర్టు కూడా చేయగలిగింది పెద్దగా ఉండదు.