పత్తి నూనె, జిమ్ము సూది, మూడు నెలల ఓపిక

పిల్లలు కలగకపోవడంలో మగవాళ్ల సంగతులు అడుగుతూ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని మా రాజురా చుట్టుపక్కల నుంచే. ముందే ఒక మాట. నేను మందులు రాసే డాక్టర్‌ని కాను. ఇరవై ఎనిమిదేళ్లు ముంబైలో ఒక ల్యాబ్‌లో మగవాళ్ల హార్మోన్లు కొలిచాను, మైక్రోస్కోపు కింద వీర్యకణాలు లెక్కపెట్టాను. రిటైరై వచ్చాక ఇక్కడ అందరికీ 'డాక్టర్ సాబ్' అయిపోయాను. కాదన్నా వినరు.

సార్, నాకు 27 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు. జిమ్‌లో కోచ్ చెప్పాడని ఎనిమిది నెలలు వారం వారం టెస్టోస్టెరాన్ 250 సూది వేసుకున్నాను. కండలు బాగా వచ్చాయి. పిల్లలు కావడం లేదని మొన్న టెస్ట్ చేయిస్తే కణాలు సున్నా అన్నారు. మగ హార్మోన్ ఎక్కిస్తే మగతనం పెరగాలి కదా, ఇదేంటి?
— ఒక పాఠకుడు, బల్లార్‌పూర్

మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న తమ్ముడూ. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాన్ని ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ అనుకోండి. అది వృషణాలకు రెండు హుకుములు పంపుతుంది. ఒకటి ఎల్‌హెచ్, అంటే టెస్టోస్టెరాన్ తయారు చేయమని. రెండోది ఎఫ్‌ఎస్‌హెచ్, వీర్యకణాలను పెంచే దాది కణాలకు పని చెప్పేది. ముకద్దం చూసేది రక్తాన్ని మాత్రమే. బయటి నుంచి సూది ఎక్కిందంటే రక్తంలో సరుకు నిండుగా కనపడుతుంది. 'ఇక చాలు' అని రెండు హుకుములూ ఆపేస్తాడు. వీర్యకణం తయారవ్వాలంటే వృషణం లోపల రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ టెస్టోస్టెరాన్ ఉండాలి. ఎల్‌హెచ్ ఆగితే అది లోపల తయారు కాదు, బయటి సూది ఆ లోటు పూడ్చలేదు. ఒంటి మీద కండ పెరుగుతుంది, లోపల బట్టీ చల్లారుతుంది. వృషణాలు కాస్త చిన్నవైనట్టు మీకూ అనిపించే ఉంటుంది.

దీన్ని మందు వికటించడం అనుకోకండి. ఇదే సూదిని మగవాళ్లకు గర్భనిరోధకంగా వాడొచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు దేశాల్లో పరీక్షించింది. ఫలితాలు 1990లో వచ్చాయి. 271 మంది మగవాళ్లకు వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. సగానికి పైగా మందికి ఆరు నెలల్లోపే కణాలు సున్నాకు వచ్చాయి. అలా వచ్చినవాళ్లు ఏడాది పాటు వేరే ఏ జాగ్రత్తా లేకుండా ఉంటే, అందరిలో కలిపి నిలిచిన గర్భం ఒక్కటే. మీ కోచ్ మీకు ఎక్కించింది అంతకన్నా పెద్ద మోతాదు. తెలియకుండానే ఫ్యామిలీ ప్లానింగ్ చేశాడన్నమాట, ఫీజు కూడా తీసుకుని.

భయపడకండి, సూది ఆపితే చాలామందికి కణాలు తిరిగి వస్తాయి. కొందరికి ఆరు నెలల్లో, కొందరికి ఏడాదికి, అక్కడక్కడ రెండేళ్లకు. ఆపిన కొత్తలో నీరసం, చిరాకు ఉంటాయి. ఆ టెన్షన్‌లోనే మళ్లీ కోచ్ దగ్గరికి పరిగెత్తుతారు, వెళ్లకండి. హార్మోన్ డాక్టర్‌కు చూపించుకోండి. పొద్దున పూట రక్తం ఇచ్చి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ మూడూ చేయించండి. ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా ఉంటే ముకద్దం నిద్రపోతున్నాడని అర్థం, లేపొచ్చు. బాగా ఎక్కువగా ఉంటే హుకుములు వెళ్తున్నా వృషణం పని చేయడం లేదని, అది వేరే కథ. అన్నిటికన్నా ముఖ్యం, సూది సంగతి డాక్టర్‌కు దాచకండి. నా సర్వీసులో ఇలా దాచి, ఏడాది పాటు ఖరీదైన టెస్టులు చేయించుకున్నవాళ్లను చూశాను. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరూ చెప్పరు. కాసేపు ఒంటరిగా అడిగితే చెబుతారు.

మాది కోర్పనా తాలూకా. పత్తి పండిస్తాం. పత్తి గింజల నూనె తింటే మగవాళ్లకు పిల్లలు పుట్టరని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మా బర్రెకు రోజూ సర్కి పెండ (పత్తి గింజల చెక్క) పెడతాం. ఆ పాలు తాగొచ్చా?
— ఒక రైతు

ఫోన్‌లో వచ్చినవాటిలో సగం నిజమున్నది దొరకడం అరుదు, ఇది అలాంటిది. పత్తి గింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. చైనాలో కొన్ని ఊళ్లలో శుద్ధి చేయని పత్తి నూనెతో వంట చేసుకునేవాళ్లు, అక్కడ పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. కారణం వెతికితే గాసిపాల్ తేలింది. 1970ల్లో దాన్నే మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా 8,000 మందికి పైగా ఇచ్చి చూశారు. పని చేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లూ చేతులూ లేవలేదు, కొందరికి ఆపినా కణాలు తిరిగి రాలేదు. దాంతో పక్కన పెట్టేశారు.

దుకాణంలో దొరికే రిఫైన్డ్ పత్తి నూనెలో శుద్ధి చేసేటప్పుడే గాసిపాల్ పోతుంది. గానుగ నుంచి నల్లగా వచ్చే పచ్చి నూనెతో మాత్రం వంట చేయకండి. బర్రె సంగతికొస్తే, నెమరు వేసే జంతువు పెద్ద కడుపులో గాసిపాల్ చాలావరకు కట్టుబడి, పనిచేయకుండా పోతుంది. పాలు చక్కగా తాగండి. మా అమ్మ కూడా సర్కి పెండ నానబెట్టే పెట్టేది, పాల మీద మీగడ చాపలా చుట్టొచ్చేది. దూడకు మాత్రం పెట్టనిచ్చేది కాదు. ఎందుకో ఆమెకు తెలియదు, నాకు ల్యాబ్‌కు వెళ్లాక తెలిసింది: దూడకు ఆ కడుపు ఇంకా తయారు కాదు.

మీరు అడగలేదు గానీ, పత్తి రైతుగా మీరు జాగ్రత్తపడాల్సింది పిచికారీ మందులతో. 1977లో అమెరికా కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులు, తమలో ఎవరికీ ఈ మధ్య పిల్లలు పుట్టడం లేదేమిటని వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు. టెస్ట్ చేస్తే చాలామందికి కణాలు బాగా తక్కువ, కొందరికి అసలు లేవు. డాక్టర్ల కన్నా ముందు పట్టుకున్నది కార్మికులే. మీరు కొట్టే మందులు వేరే కావచ్చు. కానీ మన పక్క యవత్‌మాల్‌లో 2017లో పిచికారీ విషమెక్కి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, గుర్తుందిగా. గాలికి ఎదురుగా కొట్టొద్దు. తడిసిన చొక్కా అక్కడే మార్చుకోండి. చేతితో మందు కలపడం మానేయండి.

పెళ్లయి నాలుగేళ్లు. మా అత్తమ్మ నన్ను చంద్రపూర్, నాగ్‌పూర్, హైదరాబాద్ మూడు చోట్లా తిప్పింది. నాలో లోపం లేదన్నారు. మా ఆయన టెస్టుకు రానంటున్నారు.
— ఒక చెల్లెలు, గడ్‌చాందూర్

అమ్మా, ఈ జవాబు మీ అత్తమ్మకు చదివి వినిపించండి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు సూది లేదు, కోత లేదు, ఖర్చూ తక్కువే. మీకు గర్భనాళాల్లోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీసే ఉంటారు, ఆ నొప్పి మీకు తెలుసు. చౌకది, నొప్పి లేనిది వదిలేసి అది ముందు చేయించడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మీ ఆయన వస్తే ఇవి చెప్పండి. టెస్టుకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా విరామం ఉండాలి. శాంపిల్ వీలైతే ల్యాబ్‌లోనే ఇవ్వాలి. ఇంటి నుంచి తెస్తే గంటలోపు, ఒంటి వెచ్చదనంలో ఉంచి తేవాలి. మా వీధి కుర్రాడు ఒకడు పాడవుతుందేమోనని థర్మాస్‌లో ఐస్ వేసి చంద్రపూర్ బస్సెక్కాడు. రిపోర్టులో కదలిక సున్నా. ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మళ్లీ ల్యాబ్‌లోనే ఇప్పిస్తే శుభ్రంగా ఈదుతున్నాయి. చలికి బిగుసుకుపోయాయంతే.

మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలన్నది ఇప్పటి కింది హద్దు. ప్రయత్నించిన ఏడాదిలోపు భార్యకు గర్భం నిలిచిన మగవాళ్లను కొలిచి, వాళ్లలో అందరికన్నా తక్కువ ఉన్న నూటికి ఐదుగురు ఎక్కడ ఉన్నారో చూసి పెట్టిన గీత అది. తక్కువ వస్తే పిల్లలు పుట్టరని కాదు, మళ్లీ చేయించాలని. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చకూడదు. ఒక కణం తయారవ్వడానికి 74 రోజులు, బయటికి దారి నడవడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. ఈరోజు సీసాలో ఉన్నది మూడు నెలల కిందటి సరుకు. దసరాకు వచ్చిన డెంగీ దెబ్బ దీపావళి తర్వాతి రిపోర్టులో కనపడి, సంక్రాంతి దాటాక సర్దుకోవచ్చు. అందుకే మందు మొదలుపెట్టిన నెలకే 'కౌంట్ పెరిగిందా' అని అడిగేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, విత్తనం వేసిన మర్నాడు చేను తవ్వి చూసినట్టు.

సిమెంట్ కంపెనీలో బట్టీ దగ్గర డ్యూటీ. ఆ వేడికి ఏమైనా అవుతుందా?
— మాణిక్‌గఢ్

అవ్వొచ్చు. వృషణాలు ఒంటి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే బయట వేలాడుతున్నాయి. పిల్లల కోసం చూస్తుంటే టెస్ట్ చేయించండి, తక్కువ ఉంటే ఆ కాగితం చూపించి షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్‌ను అడగండి. మూడు నెలలకు మార్చమనండి. పదిహేను రోజులకు మారిస్తే లాభం లేదు.