మీ అమ్మగారి షుగర్ మాత్ర మీరు వేసుకోకండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. తొలి కాన్పు, 27వ వారం. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తే షుగర్ 168 వచ్చింది. రాత్రి అన్నం మానేసి, మా అమ్మ వాడే గ్లిమెపిరైడ్ మాత్ర సగం వేసుకుంటున్నాను. పుట్టే బిడ్డకు పెద్దయ్యాక షుగర్ వస్తుందా?

జవాబు: అది తర్వాత. ముందు ఆ సగం మాత్ర ఆపండమ్మా. గ్లిమెపిరైడ్ గర్భిణులకు ఇచ్చే మందు కాదు. తిండి మాని అది మింగితే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. ఈ రకం మాత్రలు మాయ దాటి బిడ్డకూ చేరతాయి. ఎన్ని రోజులు వేసుకున్నారో ఇవాళే మీ గైనకాలజిస్టుకు దాచకుండా చెప్పండి. మందు అవసరమైతే ఇన్సులినో మెట్‌ఫార్మినో వాళ్లు తేలుస్తారు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పు కాదు.

140 దాటితే గర్భిణి షుగర్ కిందే లెక్క. మీ గ్లూకోజు మాయ దాటుతుంది, మీ ఇన్సులిన్ దాటదు. అందుకే బిడ్డ పాంక్రియాస్ సొంతంగా ఎక్కువ ఇన్సులిన్ చేస్తుంది, కొవ్వు పేరుకుంటుంది. ఇలాంటి పిల్లల్లో పెద్దయ్యాక ఊబకాయం, షుగర్ ముప్పు ఎక్కువే గానీ తప్పదని కాదు. పస్తు కూడా మందు కాదు: 1944–45 శీతాకాలపు కరువులో నెదర్లాండ్స్‌లో కడుపులో ఉన్న పిల్లలకు పెద్దయ్యాక గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గినట్టు తేలింది.

కాబట్టి రాత్రి తినండి. ఒక కప్పు అన్నం, అంతకు రెట్టింపు ఆకుకూరో బీరకాయో, పప్పు లేదా చేప. పూతరేకులు, చక్కెరకేళి, కాన్పయ్యేదాకా పక్కన పెట్టండి. కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంది. రాగిజావ ఎంతైనా తాగొచ్చనేది మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది నమ్మకం. పల్చటి జావ షుగర్‌ను త్వరగానే పెంచుతుంది. డాక్టరు వద్దనకపోతే ప్రతి భోజనం తర్వాత పావుగంట నడవండి. పరగడుపున 95, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. వారం పది రోజుల్లో రాకపోతే ఇన్సులిన్‌కు భయపడకండి.

పుట్టగానే బిడ్డకు షుగర్ పడిపోవచ్చు. గంటలోపే పాలు పట్టండి, మడమ దగ్గర చుక్క రక్తంతో షుగర్ చూడమని అడగండి. కాన్పయిన 6 నుంచి 12 వారాల్లో మీకు మళ్లీ 75 గ్రాముల పరీక్ష. అప్పటికి పుట్టింట్లో ఉంటారు కాబట్టి చాలామంది దీన్ని ఎగ్గొడతారు. అక్కడే చేయించుకోండి.