ఆన్‌లైన్ స్కూలుకు మూడేళ్ల ఫీజు: ఆ ఓటీపీ చెప్పకండి

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, అబ్బాయికి 10. మూడేళ్ల కిందట ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. అందుకోసం నేను లెక్చరర్ ఉద్యోగం మానేశాను. మావారికి చేతికి వచ్చే జీతం 88,000. ఇంటి లోన్ 24,000, ఇంటి ఖర్చులు 38,000, పిల్లల క్లాసులు, పుస్తకాలకు 9,000 అవుతుంది. బ్యాంకులో 1,60,000, అమ్మాయి సుకన్య ఖాతాలో దాదాపు 3 లక్షలు ఉన్నాయి. మావారికి కోటి రూపాయల టర్మ్ పాలసీ ఉంది. ఆరోగ్య బీమా ఆయన కంపెనీ ఇచ్చిన 5 లక్షలదే. అమ్మాయిని తొమ్మిది నుంచి పదకొండో తరగతి దాకా ఆన్‌లైన్ స్కూల్లో చేర్చాలనుకుంటున్నాం. ప్యాకేజీ 2,70,000. నెలకు 15,000 చొప్పున 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. ఒకేసారి కడితే 15 శాతం తగ్గింపు. ఈఎంఐ పెట్టుకోమంటారా, బంగారం తాకట్టు పెట్టి ఒకేసారి కట్టేయమంటారా? సుకన్య డబ్బు తీయొచ్చా? శనివారం వీడియో కాల్‌లో మావారి ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పమన్నారు.

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. శనివారం ఆ ఓటీపీ చెప్పకండి. ఇదే సంగతి మీకు విడిగా కూడా పంపాను. ఇక్కడ మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో చదివించే తల్లిదండ్రుల నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి. అందరూ అడిగేది ఒకటే: ఫీజు ఎలా కట్టాలి? ఇప్పుడే కట్టాలా అని మాత్రం ఎవరూ అడగరు.

ఆ ఓటీపీ అడ్మిషన్ కోసం కాదు. అప్పు పత్రం మీద మీవారి సంతకం అది. దాంతోపాటు ప్రతి నెలా ఆయన ఖాతాలోంచి 15,000 లాక్కునే ఈ-మ్యాండేట్‌కు కూడా అనుమతి తీసుకుంటారు. అప్పు ఇచ్చేది స్కూలు కాదు, వెనకాల ఉన్న ఫైనాన్స్ కంపెనీ. మొత్తం డబ్బు మొదటి రోజే స్కూలుకు చేరిపోతుంది. రేపు టీచర్లు మారినా, మీ అమ్మాయికి ఆ పద్ధతి నచ్చకపోయినా, అసలు ఆ స్కూలే మూతపడినా ఈఎంఐ ఆగదు. ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతినేది మీవారిదే. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి ఫోన్ తీసి చూపించాడు. క్లాసుల యాప్ తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది, పాఠం రాదు. దాని పైనే ఆ ఉదయం డబ్బు కట్ అయిన మెసేజ్. ఇంకా పదకొండు నెలల వాయిదాలు మిగిలి ఉన్నాయన్నాడు.

ఇక ఆ ‘నో కాస్ట్’ సంగతి. ఒకేసారి కడితే 15 శాతం తగ్గింపు అంటే దాని అసలు ధర 2,29,500. అదే వాయిదాల్లో 2,70,000. తేడా 40,500 మీరు కట్టే వడ్డీయే, పేరు మార్చారంతే. 18 నెలలకు లెక్క కడితే ఏడాదికి దాదాపు 21 శాతం పడుతుంది. సున్నా వడ్డీ అనే మాటకే అర్థం లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. చదువుకున్నవాళ్లు, అందులోనూ లెక్చరర్‌గా చేసిన మీరు ఈ చిన్న తీసివేత వేసి చూసుకోకపోతే ఎలా?

బంగారం తాకట్టు కూడా వద్దు. నిజంగా ఆస్పత్రి ఖర్చు వచ్చిన రోజు మీకు మిగిలే ఆఖరి ఆసరా అదే. సుకన్య డబ్బు ఇప్పుడు రాదు. అమ్మాయి పదో తరగతి పాసయ్యాకో, 18 నిండాకో పై చదువుకు సగం దాకా ఇస్తారు. చదువు అప్పు వడ్డీ మీద ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు ఇంటర్ తర్వాతి చదువుల అప్పులకే కాబట్టి దాని మీదా ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ నెల ఖర్చు 71,000. బ్యాంకులో ఉన్నది 1,60,000. మీవారి ఉద్యోగం పోతే రెండు నెలలు దాటాక మీ దగ్గర ఏమీ ఉండదు. మామూలు ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే తల్లి ఉద్యోగంలో చేరుతుంది, పిల్లలు బడికి పోతూనే ఉంటారు. మీ ఇంట్లో అలా కుదరదు. మీరు ఉద్యోగానికి వెళ్లిన రోజు మీ పిల్లల బడికి తాళం పడుతుంది. అందుకే ఒంటి జీతం మీద ఇంట్లో చదివించేవాళ్లకు ఎమర్జెన్సీ ఫండ్ మిగతావాళ్లకన్నా ఎక్కువ అవసరం. అది మీ బడి నడవడానికి పెట్టుకున్న డబ్బు. నన్నడిగితే తొమ్మిది నెలల ఖర్చు ఉండాలంటాను. మీకు ముందు ఆరు నెలలతో మొదలుపెడదాం.

కష్టకాలంలో క్లాసుల 9,000 ఆపేస్తారనుకుంటే నెలకు 62,000, ఆరు నెలలకు 3,72,000. ఇంకా కావలసింది 2,12,000. ఇప్పుడు మీకు నెలకు 17,000 మిగులుతోంది. ఈఎంఐ పెట్టుకుంటే అందులో 2,000 మాత్రమే ఉంటుంది. పెట్టుకోకుండా నెలకు 12,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 18 నెలల్లో వడ్డీ కాకుండానే 2,16,000 అవుతుంది. గమనించారా, అవే 18 నెలలు! చేతిలో ఉన్న 1,60,000 కూడా ఇక ఫీజులకు ముట్టుకోవద్దు. సేవింగ్స్ ఖాతాలో ఉంచితే చెయ్యి ఊరుకోదు కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసేయండి.

మిగిలిన 5,000లో 3,000 ఆరోగ్య బీమాకు పక్కన పెట్టండి. కంపెనీ బీమా ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఉద్యోగం పోతే ఆ బీమా కూడా దాంతోపాటే పోతుంది. జీతం లేని నెలలోనే ఆస్పత్రి బిల్లు వస్తే ఏం చేస్తారు? నలుగురికీ కలిపి కనీసం 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలా సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మీ ఇద్దరిలో ఎవరికైనా బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకండి. అప్పటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఆ గడువు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

మీ పేరున ఏ పాలసీ ఉందో ఉత్తరంలో రాయలేదు. లేదనే అనుకుంటున్నాను. మీకు జీతం లేదు కాబట్టి బీమా అక్కర్లేదని ఎవరో చెప్పే ఉంటారు. కానీ మీ ఇంట్లో టీచరు, ప్రిన్సిపాల్ అన్నీ మీరే. మీకేదైనా అయితే ఇద్దరు పిల్లలకు బడి ఫీజు, ఇంట్లో మనిషి, ఆయన మానుకోవలసి వచ్చే పని, ఇవన్నీ ఖర్చులే. గృహిణులకు కూడా టర్మ్ పాలసీలు ఇస్తున్నారు. ఆరోగ్య బీమా కుదిరాక దాని సంగతి చూడండి.

మరి అమ్మాయి చదువు? ఆన్‌లైన్ స్కూలు పాఠాలు చెబుతుంది, సర్టిఫికెట్ ఇచ్చేది మాత్రం బోర్డు. ఏ బోర్డు పేరు మీద పరీక్ష రాయిస్తారు, ఆ ఫీజు ప్యాకేజీలో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు వచ్చే జవాబు ‘ఎన్ఐఓఎస్’, అంటే జాతీయ ఓపెన్ స్కూలు బోర్డు. మనం ఓపెన్ టెన్త్ అనే తరహాదే. దానికి మీరే నేరుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఐదు సబ్జెక్టులకు రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజులు కలిపినా కొన్ని వేలే అవుతాయి. కేంబ్రిడ్జి బోర్డు అంటే ఖర్చు వేరు, ఇప్పటి మీ పరిస్థితిలో అది వద్దు. ఎన్ఐఓఎస్ సెకండరీకి 14 ఏళ్లు నిండాలి. అంటే మీ అమ్మాయికి ఇప్పుడు అర్హతే లేదు, తొందర పడాల్సిన పనీ లేదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు. పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం, తెలుగులోనూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ‘స్వయం’లో వీడియో పాఠాలూ ఉచితమే. లెక్కలకో సైన్సుకో మనిషి కావాలంటే నెలనెలా డబ్బు తీసుకునే ట్యూటర్‌ను పెట్టుకోండి. ఇప్పటి 9,000లో, మిగిలే ఆ 2,000లో సర్దుకోవచ్చు.

పిల్ల వేగాన్ని బట్టి చదువు ఉండాలనే కదా బడి మాన్పించారు. అలాంటిది మూడేళ్ల ఫీజుకు ఇప్పుడే కట్టుబడిపోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

ఇప్పటికే ఓటీపీ చెప్పేసిన పాఠకులు ఎవరైనా ఉంటే, ఇవాళే మీ లోన్ షరతులన్నీ ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తెరిచి కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూడండి. ఆ లోపయితే తీసుకున్న అప్పు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. స్కూలుకు వెళ్లిపోయిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం మాత్రం మీ తంటా. ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే అడగండి.

శనివారం స్కూలు కౌన్సెలర్ ఫోన్ చేస్తే మీరు అడగాల్సింది ఒక్కటే: ఏ నెల ఫీజు ఆ నెల కట్టే పద్ధతి ఉందా? ఉందంటే ఒక నెల చూడండి. ఆఫర్ ఈ రాత్రి వరకే అంటే ఫోన్ పెట్టేయండి.