పరాయి దేశపు ఆసుపత్రిలో విద్యార్థి చేయగలిగిన పని

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. టాంజానియాలోని అరూషా ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో నెల రోజులు వాలంటీరుగా పనిచేసే అవకాశం ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ వారు లక్షల్లో ఫీజు అడుగుతున్నారు. అక్కడైతే విద్యార్థులతోనే కుట్లు వేయిస్తారని, కాన్పులు చేయిస్తారని సీనియర్లు అంటున్నారు. బత్తాయి అమ్మిన డబ్బు ఇస్తానని నాన్న ముందుకొచ్చారు. మీరు విద్యార్థి దశలో ఆ ప్రాంతంలోనే పనిచేశారని ఇదే శీర్షికలో చదివాను. వెళ్లమంటారా మేడం? వాళ్లిచ్చే సర్టిఫికెట్ పీజీ సీటుకు పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లమనే చెబుతానమ్మా, కానీ ఇప్పుడే కాదు. మీ సీనియర్లు చెప్పిన కారణంతో అయితే ఎప్పుడూ వద్దు.

రెండో సంవత్సరంలో ఉన్న మీకు నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరూ ఒంటరిగా కాన్పు అప్పగించరు. పక్కన నేర్పే డాక్టరు ఉండాలి, చేస్తున్నది విద్యార్థి అని రోగికి తెలిసి ఉండాలి, ఆమె ఒప్పుకోవాలి. అరూషాలో డాక్టర్లు తక్కువగా ఉన్నంత మాత్రాన అక్కడి తల్లికి ఈ రక్షణ అక్కరలేకుండా పోదు. ఏదైనా జరిగితే మీరు విమానమెక్కి వచ్చేస్తారు, దాని ఫలితాన్ని మోయవలసింది ఆమె.

నేనక్కడ చేసినవి చాలావరకు చిన్న పనులే. పిల్లల బరువు చూడడం, కార్డులు రాయడం, రక్తం నమూనాలను ల్యాబుకు చేర్చడం, దుప్పట్లు మార్చడం. పెద్దవాళ్లను ‘షికామో’ అని పలకరించడం, నొప్పి ఎక్కడుందో అక్కడి భాష స్వాహిలీలో అడగడం వచ్చాక గానీ నర్సులకు నావల్ల నిజమైన సాయం అందలేదు.

ఒకరోజు పిల్లల ఓపీలో బరువు చూస్తుండగా ఒక బాబు నోరు తెరిచాడు. పైపళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అంచుల్లో పెచ్చులూడిన గుంటలు. మర్రిగూడ, నాంపల్లి బడుల్లో నేను చూసిన పళ్లే అవి. మన దగ్గర గ్రానైటు రాళ్ల నుంచి బోరు నీటిలో కలిసి పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్, అక్కడ మేరు పర్వతం చుట్టూ ఉన్న అగ్నిపర్వత శిలల నుంచి ఊటల్లో, వాగుల్లో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దును దాటిన నీళ్లు రెండు చోట్లా ఉన్నాయి. ‘ఏ నీళ్లు తాగుతారు?’ అని నేను అడిగిన ప్రశ్నను నర్సు అనువదించి, తనంతట తానే ‘వంటలో ఏం వేస్తారు?’ అని కూడా అడిగింది. ఆ తల్లి సంచిలోంచి బూడిదరంగు ఉప్పుగడ్డ తీసి చూపించింది. మగాది అంటారు దాన్ని. బీన్సు గింజలు, మొక్కజొన్న త్వరగా ఉడకడానికి మనం వంటసోడా వేసినట్టే వేస్తారు. అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుందని, నీళ్లు మార్చినా వంట మారకపోతే ఈ జబ్బు ఆగదని నాకు చెప్పింది ఆ నర్సే.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని రూపొందించి దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. 1990లలో ఆ పద్ధతిని అరూషా ప్రాంతంలోనూ ప్రయోగించి చూశారు. అందుకే నీటి పని చూసే ఒక ఇంజనీరు నాది నల్లగొండ అని తెలియగానే కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, మన ఊళ్లలో పటిక మోతాదు ఎంత వేసేవారని, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోసేవారని అడిగారు. ఎముకల బొగ్గుతో నీళ్లు వడపోసే తమ ఫిల్టర్లను ఆయన నాకు చూపించారు. కుట్లు వేయడం రాని విద్యార్థిని అయినా, సొంత జిల్లా జబ్బు తెలిసి ఉండడం వల్లే నాకు ఆ మాటల్లో చోటు దొరికింది. మీకూ ఆ అర్హత ఉంది. కృష్ణా నీళ్లు ఇంటికి రాకముందు బోరు నీళ్లు తాగి నడుం వంగిపోయిన పెద్దలు మీ మండలంలోనే ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చోండి, ఏ వయసులో ఏ కీలు పట్టేసిందో విని రాసుకోండి.

చివరి సంవత్సరం పరీక్షలు రాశాక వెళ్లాలనుకుంటే, మిమ్మల్ని పర్యవేక్షించే డాక్టరు ఎవరో, మీ పని ఎంతవరకో తెలిపే ఉత్తరాన్ని ఆసుపత్రి నుంచే నేరుగా తెప్పించుకోండి. ఫీజులో ఆసుపత్రికి చేరేదెంతో ఏజెన్సీని అడగండి. జవాబు చెప్పకపోతే నాన్నగారి డబ్బు అక్కడ కట్టవద్దు. టూరిస్టు వీసా మీద పనిచేయడానికి ఒప్పుకోవద్దు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు పూర్తవడానికి 6 నెలలు పడుతుంది కనుక అది ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రయాణం కెన్యా, ఇథియోపియాల మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. మలేరియా మాత్రల సంగతి అక్కడే అడగండి. రోగికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల్లోగా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అవి ఆ ఆసుపత్రిలో దొరుకుతాయో లేదో వెళ్లకముందే తెలుసుకోండి.

ఇక సర్టిఫికెట్ విషయం. మన దగ్గర పీజీ సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది, ఈ కాగితానికి అందులో మార్కులేమీ లేవు.