ఇక్కడి లారీకి క్లీనర్ ఉండడు

గుంటూరు నుంచి లండన్ వచ్చి మూడు వారాలైన కుర్రాడు అడిగాడు: "అన్నా, గోడౌన్‌లో పార్ట్ టైమ్ దొరికింది. తెల్లవారుజామున ఐదింటికి షిఫ్టు. బస్సు ఖర్చు మిగులుతుందని సైకిల్ కొందామనుకుంటున్నా. దారంతా పెద్ద లారీలే. మిర్చి యార్డు దగ్గర సీజన్‌లో లారీల మధ్య తొక్కినవాణ్ని, ఇక్కడ భయపడాల్సిందేముంది?"

ఉంది తమ్ముడూ. నీ మిర్చి యార్డు మాట వినగానే నాకే భయమేసింది. 2009లో నేనూ ఇలాగే మాట్లాడాను. మాది విజయవాడ, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల పక్కన ఇల్లు. బెంజ్ సర్కిల్ దగ్గర లారీకీ ఆర్టీసీ బస్సుకీ మధ్య సందు కనిపిస్తే చాలు, సైకిల్ దూర్చేసేవాణ్ని. లారీల సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా అనే పొగరు ఉండేది.

వచ్చిన రెండో నెలలో 40 పౌండ్లకు సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నాను. ఏది కొన్నా రూపాయల్లోకి మార్చుకునే జబ్బు అప్పట్లో బాగా ఉండేది (ఇప్పటికీ పూర్తిగా పోలేదు). లెక్క వేస్తే మూడు వేలు. పాత సైకిల్‌కి మూడు వేలా అని ఉక్రోషం వచ్చి లైట్లు కొనలేదు.

ఒకరోజు సిగ్నల్ దగ్గర టిప్పర్ ఆగి ఉంది. దాని ఎడమ పక్కన, ఫుట్‌పాత్‌కీ చక్రాలకీ మధ్య రెండు మూరల సందు. దూరాను. గ్రీన్ పడగానే లారీ కాస్త కుడికి జరిగింది. పాపం, నాకు దారి ఇస్తున్నాడనుకున్నా. అతను ఎడమకు తిరగడానికి చోటు చేసుకుంటున్నాడు! అంత పొడుగు బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు దూరంగా చుట్టి వెళ్తాయి, వెనక చక్రాలు మూలను ఒరుసుకుంటూ లోపలికి వస్తాయి. ఆ మూలలో నేనున్నాను. సైకిల్ వదిలేసి ఫుట్‌పాత్ మీదికి దూకాను. సైకిల్ అప్పడమైంది.

డ్రైవరు దిగాడు. పెద్దాయన. తిడతాడనుకుంటే, కాళ్లు ఆడక అక్కడే కూలబడి "నువ్వు కనపడలేదు బాబూ" అని అదే మాట పదిసార్లు అన్నాడు. పట్టపగలు, పసుపు టీషర్టు వేసుకున్న మనిషి కనపడకపోవడమేంటని నాకు ఒళ్లు మండింది. ఎప్పటికో వెలిగింది. మన లారీకి క్లీనర్ ఉంటాడు. ఎడమ తలుపులోంచి తల బయటపెట్టి, రేకు మీద దబదబా బాదుతూ "రానీ రానీ, ఆగాగు" అని అరుస్తుంటాడు. మన ప్రాణాలు ఇన్నేళ్లూ ఆ కుర్రాడి కళ్ల మీద నడిచాయి. ఇక్కడ డ్రైవరు ఒక్కడే, అంత ఎత్తున, కుడి సీట్లో. ఎడమ తలుపు కింద ఎవరున్నా, ముందు అద్దం కింద ఆనుకుని ఎవరున్నా నేరుగా కనపడరు.

నాకు మోకాలు చీలింది. ఆసుపత్రికి వెళితే ఎంత బిల్లు వేస్తారోనని రూమ్‌కి పోయి పసుపు అద్దుకున్నాను. వారం కుంటాను, నాలుగు షిఫ్టులు పోయాయి. ఎమర్జెన్సీలో వైద్యానికి డబ్బులు తీసుకోరని తర్వాత తెలిసింది. నువ్వైతే వీసాతోపాటే హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే రుసుము) కూడా కట్టి వచ్చావు. కట్టిన డబ్బు వాడుకోవడానికి మొహమాటం దేనికి? మొత్తం మీద 40 పౌండ్ల సైకిల్, నాలుగు షిఫ్టుల జీతం, మళ్లీ కొన్న సైకిల్ కలిపితే, నేను మిగుల్చుదామనుకున్న బస్సు డబ్బులకు మూడింతలు పోయింది. ఆ లెక్క వేసుకున్న కాగితం ఇప్పటికీ దాచాను.

రోడ్డు రూల్స్ హైవే కోడ్ అనే ఇక్కడి ప్రభుత్వ పుస్తకంలో ఉంటాయి, చదువుకో. 2022 జనవరిలో మార్చారు: గంటకు 30 మైళ్ల లోపు వేగంతో సైకిల్‌ని దాటే బండి కనీసం మీటరున్నర దూరం వదలాలి. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకు, డ్రైవరుకు కిటికీల్లోంచి ఎంత కనపడుతుందో చూసి నక్షత్రాలు వేస్తారు. 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాలు రాని బండ్లు కెమెరాలు, సెన్సర్లు పెట్టించుకోవాలి. మంచిదే. అయినా కెమెరాని నమ్ముకుని సందులో దూరకు.

ఆగిన లారీకి ఎడమ పక్కన వెళ్లనే వద్దు, ఎంత సందున్నా సరే. ఇండికేటర్ వెయ్యలేదు కదా అని కూడా వెళ్లకు. వెనకే ఆగు. అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనపడకపోతే నువ్వూ అతనికి కనపడవు. సిగ్నల్ ముందు సైకిళ్లకని గీసిన గడి ఉంటుంది. లారీ అప్పటికే వచ్చి ఆగి ఉంటే ఆ గడి మీద ఆశ వదులుకో. రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంపేం మునిగిపోదు. దగ్గర్లో మలుపుంటే ఫుట్‌పాత్ అంచు పట్టుకుని నక్కకుండా లేన్ మధ్యలో తొక్కు, వెనక బండికి నీ పక్క నుంచి దూసుకెళ్లే వీలుండదు.

ఇంకొకటి, హారన్. మన లారీల వెనక 'సౌండ్ హారన్' అని రాసి ఉంటుంది కాబట్టి మన చెవులు దానికి అలవాటుపడ్డాయి. ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టే. పైగా ఊళ్లో రాత్రి 11:30 నుంచి పొద్దున 7 దాకా, ప్రమాదం ముంచుకొస్తే తప్ప కొట్టకూడదు. అంటే నీ షిఫ్టు వేళకు వెనక ఏముందో నీ మెడ తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ వెళ్లే వాళ్లని చూస్తే నాకు చెంప మీద ఒకటివ్వాలనిపిస్తుంది.

అంతా విన్నాక కూడా కాళ్లు వణికితే బస్సే ఎక్కు. గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకే చార్జీ. నేను మాత్రం ఇన్నేళ్లుగా ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నా, మళ్లీ గీత పడలేదు. సైకిల్ కొంటే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు అదే రోజు కొను. చీకట్లో అవి లేకుండా తొక్కడం చట్టప్రకారం తప్పు. చవకని గుంటూరు నుంచి తెప్పించుకోకు, కొరియర్ ఖర్చుకి ఇక్కడే రెండు సెట్లు వస్తాయి.