తూము దాటాక ఏమవుతుందో రాయి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కణం మీదుండి బయటి కబురు అందుకునే రిసెప్టర్ ప్రోటీన్‌ని కాలువ తూముతో పోల్చావు. ధవళేశ్వరం నీళ్లతో పెరిగిన మనకి అంతకంటే దగ్గరి పోలిక ఏముంటుంది? లస్కరు ఎంత తిప్పినా తూము షట్టరు దిగకపోతే కోతకొచ్చిన చేను మునుగుతుంది. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ కూడా అంతే, బయటి నుంచి కబురు రాకపోయినా "పెరుగు, పెరుగు" అంటూనే ఉంటుంది.

కానీ నువ్వు అక్కడే ఆగిపోయావు. తూములోంచి వచ్చిన నీళ్లే చేలోకి పోతాయి. కణంలో అలా కాదు, లోపలికి పోయేది కబురు. రెండు రిసెప్టర్లు జతకట్టి ఒకదాని తోకకి ఒకటి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అక్కణ్ణుంచి ఆ కబురు రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల మీదుగా చేతులు మారుతూ వెళ్తుంది. ఎర్క్ కేంద్రకంలో దూరి ఎల్క్-1 లాంటి ప్రోటీన్లని తట్టిలేపితే, ఊరుకున్న ఫాస్ జన్యువు నిమిషాల్లో పనిలోకి దిగుతుంది. ఆ జన్యువులో ఒక్క అక్షరం మారలేదు, దాన్ని చదివే జోరు మారింది. దీనికి నువ్విచ్చింది ఒకే వాక్యం! రెండు పేరాలివ్వు. 2001లో ఒక బృందం ఈజీఎఫ్ఆరే కేంద్రకంలోకి చేరి కణ విభజనని నడిపే సైక్లిన్ డి1 జన్యువు దగ్గర పనిచేస్తోందని చూపింది. తూము తలుపే ఊడొచ్చి చేలో పడ్డట్టు. అదీ రాయి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మొదటి పేరాలోంచి తీసెయ్యి. ఆయన పేరుతో ముడిపడ్డ క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఫోలేట్ అనే విటమిన్ పనిని అడ్డుకుంటుంది, రిసెప్టర్ జోలికి పోదు. మనవాడన్న ప్రేమ నాకూ ఉంది, ఆయన గురించి విడిగా రాద్దువుగాని.

నాలుగేళ్ల కిందట మా వదిన తన రొమ్ము క్యాన్సర్ రిపోర్టు నా చేతికిచ్చింది. హెర్2 అనే రిసెప్టర్ పక్కన 3+, అంటే గట్టి పాజిటివ్, అని ఉంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "పాజిటివ్ అంటే మంచిదే కదా బాబూ?" అంది. నాకు వెంటనే మాట రాలేదు. ఆ జన్యువు కాపీలు పెరిగి కణం మీద రిసెప్టర్లు కిక్కిరిశాయని, ఆ గుర్తు చూసే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తారని, అమెరికాలో 1998లోనే దానికి అనుమతి వచ్చిందని, తూములతో పోల్చి చెప్పేసరికి రాత్రి పదయింది. అంతా విని, "అయితే నా దగ్గర తూములు ఎక్కువన్నమాట" అంది.

దాళ్వా కోతలయ్యాక కొత్త ప్రతి పట్టుకుని రా. వదిన ఇక్కడే ఉంటుంది, ముందు ఆవిడకి చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు